గంజాయి కేసు అప్పీలు: సెక్షన్ 50 ఒక్కదాన్నే నమ్ముకోకండి

మీ అన్నయ్య బ్యాగులో గంజాయి దొరికిందని పదేళ్ల శిక్ష పడింది. సోదా చేసేటప్పుడు గెజిటెడ్ ఆఫీసర్ లేరు కాబట్టి హైకోర్టు కేసు కొట్టేస్తుందా అని అడిగారు. సరిగ్గా ఇదే ఆశతో మా బాబాయి కొడుకు కేసులో మేం రెండేళ్లు పోగొట్టుకున్నాం.

గెజిటెడ్ ఆఫీసర్ ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ఇస్తుంది. కానీ అది ఒంటి మీద సోదాకే. చేతిలోని బ్యాగుకు వర్తించదని సుప్రీంకోర్టు 2005లో పవన్ కుమార్ కేసులోనే చెప్పింది. ఆ సంగతి తెలిసిన రోజు మా పిన్ని కూలబడిపోయింది.

తర్వాత పెట్టుకున్న లాయరుగారు పంచనామా లైను లైనుగా చదివారు. అందులో 20 కిలోల 600 గ్రాములని ఉంది. ఆ తూకం బ్యాగుతో, ప్లాస్టిక్ కవర్లతో కలిపి వేసింది. సరుకు ఒక్కదాన్నే విడిగా తూచినట్టు ఎక్కడా లేదు! గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార పరిమాణం కింద లెక్క. అప్పుడు పదేళ్లకంటే తక్కువ శిక్ష వేసే వీలు జడ్జికి లేదు. 20 కిలోలు దాటకపోతే పదేళ్లు గరిష్ఠం, కనీస శిక్షంటూ లేదు. హైకోర్టు మావాణ్ణి నిర్దోషి అనలేదు. సరుకు బరువు అంత ఉందని రుజువు కాలేదంది. శిక్షను అప్పటికే జైల్లో గడిపిన అయిదేళ్ల చిల్లరకు తగ్గించింది.

కాబట్టి ముందు తూకం ఎలా వేశారో చూడండి. ఆ తర్వాత శాంపిళ్లు. 52ఏ సెక్షన్ ప్రకారం అవి మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలి. అయితే ఆ ఒక్క లోపంతోనే కేసు పోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సీలు, మాల్‌ఖానా (పట్టుకున్న సరుకు భద్రపరిచే గది) రిజిస్టరు, ల్యాబుకు చేరిన తేదీ, వీటిలోనూ తేడా ఉంటే అప్పుడు బలం వస్తుంది. 2024 జులై 1 తర్వాత జరిగిన సోదా అయితే వీడియో తీశారా అని తప్పక అడగండి.

జరిమానా కట్టకపోతే పడే అదనపు జైలు గురించి కూడా అప్పీలులో రాయించండి. మా మొదటి లాయరు దాన్ని వదిలేశారు. శిక్ష పెరుగుతుందేమోనని టెన్షన్ పడకండి, ముందుగా నోటీసిచ్చి వినకుండా పెంచరు.

హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. దాటిపోతే ఆలస్యానికి కారణం చెబుతూ పిటిషన్ వేయాలి. ఫీజు ఇబ్బందైతే జైలు నుంచే లీగల్ ఎయిడ్‌కు దరఖాస్తు పెట్టించండి, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. తీర్పు వచ్చి ఎన్ని రోజులైంది? పంచనామాలో బరువు ఎంత రాశారు?