పర్లాకిమిడిలో పాత ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ఇంట్లో ఏడాది పాప ఉంది. సీసం భయం ఉందా?

కొత్త డబ్బా గురించి మరీ టెన్షన్ అక్కర్లేదు. కేంద్రం 2016లో తెచ్చిన నియమాల ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలోకు 90 మిల్లీగ్రాములు దాటకూడదు. 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. కేంద్ర నియమం కాబట్టి ఒడిశాలో ఉన్న మీ ఊళ్లో కొన్నా, పక్కనే ఆంధ్ర వైపు పాతపట్నంలో కొన్నా ఒకటే. ఆ మాట లేబుల్ మీద ఉండాలి. లేకపోతే ఎంత చవకైనా వద్దు. పారిశ్రామిక రంగులకు మాత్రం ఈ పరిమితి లేదు. ఎక్కడో మిగిలిన డబ్బా తెచ్చి కిటికీ గ్రిల్లుకు పూస్తామంటే ఒప్పుకోకండి.

అసలు చిక్కు పాత తలుపులు, కిటికీలతోనే. పసుపు, ఎరుపు, నారింజ ఎనామెల్ రంగులకు ఒకప్పుడు లెడ్ క్రోమేట్ అనే సీసం రసాయనంతో ఆ మెరుపు తెచ్చేవారు. (మన గడపలకేమో పసుపే కావాలి!) చట్టం కొత్త డబ్బాను ఆపింది గానీ, అంతకుముందు పూసిన పొరను కాదు. పొడిగా ఎమరీ పేపరుతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద పడి, పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. మింగిన సీసం పెద్దల కంటే పిల్లల ఒంట్లోకి 4-5 రెట్లు ఎక్కువ చేరుతుంది. అందుకే తడిపి గీకించండి, నేలను తడిగుడ్డతో తుడిపించండి. ఆ నాలుగు రోజులూ పాపను అమ్మమ్మగారింట్లో ఉంచండి.