రిష్‌బూర్‌లో మనవాళ్ల సమాధులేవి?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లిల్‌లో చదువుతున్నాడు. దగ్గర్లోని రిష్‌బూర్ అనే పల్లెలో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన మన సైనికుల స్మారకం ఉందని విని ఆదివారం వెళ్లొచ్చాడు. రోడ్డుకు అటువైపు వరసగా సమాధులున్నాయి గానీ అవన్నీ పోర్చుగల్ వాళ్లవట. మరి మనవాళ్లవి ఏవి?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అక్కడ మనవాళ్లకు విడిగా సమాధులు లేవమ్మా. మీ అబ్బాయి చూసిన ఆ గుండ్రటి ప్రహరీ గోడే వాళ్ల గుర్తు. దాని మీద 4,700 మందికి పైగా భారత సైనికుల, కూలీల పేర్లు చెక్కి ఉన్నాయి. ఫిరంగి గుండ్లు ఒకే నేలను పదేపదే తవ్వేయడంతో ఎంతోమంది శవాలు దొరకనేలేదు, దొరికినా ఎవరివో తేలలేదు.

ఆ చోటే ఎందుకంటే, పక్కనే ఉన్న నవ్ షాపెల్ ఊరి మీద 1915 మార్చి 10న దాడికి దిగిన బ్రిటిష్ సైన్యంలో దాదాపు సగం మంది భారతీయులే. నాలుగు రోజుల్లో మనవాళ్లు నాలుగు వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. వీళ్లలో చాలామంది 1914 శరదృతువులో మార్సెయ్ రేవులో దిగి, ఆ చలికి సరిపోని బట్టలతోనే కందకాల్లోకి వెళ్లినవాళ్లు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

స్మారకాన్ని 1927లో ఆవిష్కరించారు. అశోక స్తంభాలను తలపించే దాదాపు 15 మీటర్ల స్తంభం, దాని కింద రెండు పులులు, గోడకు ముందువైపు జాలీ పని. దేవుడొక్కడే, విజయం ఆయనదే అన్న మాటను నాలుగు లిపుల్లో చెక్కారు. ఎదురుగా ఉన్న పోర్చుగీసు శ్మశానంలో 1,831 సమాధులున్నాయి, వాళ్లూ ఆ యుద్ధంలో పోయినవాళ్లే.

మీ అబ్బాయి మళ్లీ వెళ్తే, 39వ గఢ్‌వాల్ రైఫిల్స్ దళం పేర్లలో గబ్బర్ సింగ్ నేగీని వెతకమనండి. బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ వచ్చింది గానీ అందుకోడానికి మనిషి లేడు, ఆ మార్చి 10నే పోయాడు, నిండా ఇరవై ఏళ్లు కూడా లేవు. ఉత్తరాఖండ్‌లోని చంబాలో ఇప్పటికీ ఏటా ఏప్రిల్‌లో ఆయన పేరు మీద మేళా జరుగుతుంది. అక్కడి పేర్లలో సింగ్‌లు, ఖాన్‌లు బోలెడు, పైగా ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఉత్త పేరుతో వెళ్తే దొరకడం కష్టం. ఇలాంటి స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ముందే చూసుకుని, ఏ పలక మీద ఉందో ఆ నంబరు రాసుకుని వెళ్లమనండి.