లెక్క పుస్తకంలో 27 బుడిపెలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకి ఆరేళ్ళు. ఏడు నెలల కిందట వాడి మోకాలి వెనక మడతలో ఆవగింజంత బుడిపె ఒకటి కనిపించింది. చెమటకాయ అనుకుని వదిలేశాను. నెల తిరిగేసరికి ఐదయ్యాయి. ఇప్పుడు చంక కింద, ఛాతీ మీద, పక్కటెముకల మీద, తొడల లోపల అన్నీ కలిపి 27. రోజూ వాడు నిద్రపోయాక ఫోన్ లైటు వేసి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నాను. డాక్టరుకి చూపిస్తే ‘మొలస్కమ్ కంటాజియోసమ్, వైరస్ వల్ల వస్తుంది, అదే పోతుంది’ అని రెండు నిమిషాల్లో పంపేశారు. అదే పోతుందంటే ఎప్పుడు? ఈత నేర్పే చోట ‘తగ్గాక తీసుకురండి’ అన్నారు. బంధువుల ఇంటికి వెళ్తే వాళ్ళ పిల్లల్ని పక్కకి లాక్కున్నారు. వాడు చూడనే చూశాడు. చెల్లికి మూడేళ్ళు. ఇద్దరికీ కలిపి స్నానం చేయించడం మానేశాను. దాన్ని వాడు ముద్దు పెట్టుకోబోతే వద్దంటున్నాను. గీకించెయ్యమని కొందరు, అసలు ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

తా.క.: ఛాతీ మీదిది ఒకటి నేనే సూదితో గిల్లాను. తెల్లగా ముద్దలాంటిది వచ్చింది. అది జరిగి నెలైంది. మూడు రోజులుగా పక్కటెముకల మీద ఐదారు ఎర్రబడి వాచాయి. జ్వరం లేదు, ఆటలు మామూలుగానే ఆడుతున్నాడు. చీము పట్టిందా? ఇదంతా నేను చేసిన పని వల్లేనా?

– ఒక తల్లి

జవాబు: అమ్మా, అసలు సంగతి మీరు తా.క.లో రాశారు. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు గిల్లింది ఛాతీ మీది దాన్ని, అదీ నెల కిందట. ఇప్పుడు వాచినవి పక్కటెముకల మీదివి, వాటి జోలికి మీరు వెళ్ళలేదు. ఎవరూ ముట్టుకోకుండా ఐదారు ఒక్కసారే ఎర్రబడ్డాయి, పిల్లాడు హుషారుగా ఉన్నాడు. కళ్ళతో చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఇలాంటి కబురుతో పరుగున వచ్చిన తల్లుల పిల్లల్ని చూసినప్పుడు చాలాసార్లు నాకు సంతోషమే వేసింది. వాళ్ళ ఒంటికి అప్పుడే మెలకువ వచ్చిందన్నమాట.

ఈ వైరస్ మశూచి వైరస్ కుటుంబంలోదే. ఆ పేరు వినగానే గుండె ఝల్లుమంటుందని తెలుసు, అందుకే మిగతాది కూడా వెంటనే చెప్తున్నాను. మశూచి ఒళ్ళంతా పాకి ప్రాణాలు తీసేది. ఇది చర్మం పైపొర దాటి కిందికి దిగదు, రక్తంలోకి పోదు. ఆ పైపొరలోనే కూర్చుని, మన రక్షణ వ్యవస్థ కంటపడకుండా తప్పించుకునే విద్య మాత్రం దీనికి బాగా తెలుసు. అందుకే నెలల తరబడి ఎరుపూ నొప్పీ లేకుండా, ముత్యంలా నున్నగా, మధ్యలో చిన్న సొట్టతో అలా ఉండిపోతుంది. ఏదో ఒక రోజు ఒళ్ళు దాన్ని పసిగడుతుంది. అప్పుడు మొదలవుతుంది దాడి. బుడిపె ఎర్రబడుతుంది, వాస్తుంది, దురద పెడుతుంది, ఒక్కోసారి చీములాంటిది కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాల్లో ఎండి రాలిపోతుంది. డాక్టర్లు ఈ దశని ‘అంతానికి ఆరంభం’ అని చెప్పుకుంటారు. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఈ ఎరుపు చూసి అనవసరంగా యాంటీబయాటిక్ రాసిచ్చిన సందర్భాలు ఉన్నాయి. మీరు భయపడటంలో తప్పేమీ లేదు.

నిజంగా చీము పడితే వేరుగా ఉంటుంది. ఎరుపు గంటగంటకీ చుట్టూ పాకుతుంది, చెయ్యి వేస్తే అక్కడ వేడిగా తగులుతుంది, ముట్టుకోనివ్వనంత నొప్పి ఉంటుంది, జ్వరం వస్తుంది, పిల్లాడు డీలాపడతాడు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకి చూపించండి, ‘అంతానికి ఆరంభం’ అని నేను రాశానని ఆగొద్దు.

ఇక ‘ఎప్పుడు?’ అన్న మాట. మీ డాక్టరు చెప్పింది నిజమే, అంకె ఒక్కటే మింగేశారు. బ్రిటన్‌లో 306 మంది పిల్లల్ని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అందులో పూర్తిగా తగ్గడానికి సగటున 13 నెలలకు కాస్త పైన పట్టింది. పది మందిలో ముగ్గురికి ఏడాదిన్నర దాటినా ఇంకా ఉన్నాయి. వందలో 13 మందికి రెండేళ్ళయినా పోలేదు. ఈ అంకెలు చెప్తే తల్లిదండ్రుల మొహాలు వాడిపోతాయని మాలో చాలామంది చెప్పం. చెప్పకపోతే మూడో నెల నుంచే డాక్టర్ని మార్చడం మొదలవుతుంది. ఏడు నెలలంటే మీరు దారి మధ్యలో ఉన్నారు.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. ఒక్కో బుడిపె ఆయుష్షు మామూలుగా రెండు నెలల చుట్టుపక్కలే. పాతవి పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. అందుకని మొత్తం అంకె 27 దగ్గర కదలకుండా ఉన్నా, నెల కిందటి 27, ఇవాళ్టి 27 ఒకటి కావు. మీ లెక్కలో పోయినవి కనిపించవు, వచ్చినవే కనిపిస్తాయి. పైగా రాత్రి పూట లైటు వేస్తుంటే పిల్లలు నిద్రలో ఉన్నారని మనం అనుకుంటాం. ఏదో ఒకటి చూసుకోకపోతే మనసు ఒప్పదంటే నెలకోసారి ఒక ఫోటో తీసుకోండి. అదీ పగలు, వాడికి చెప్పి.

ఎవరు అంటించారన్న ఆలోచన కూడా ఉంటే వదిలెయ్యండి. వైరస్ తగిలాక బుడిపె కనపడడానికి రెండు వారాల నుంచి ఆరు నెలల దాకా పట్టొచ్చు. అంత వెనక్కి వెళ్ళి ఎవరినని నిలదీస్తాం?

గీకించాలా వద్దా అన్న దానికి జవాబు నా ఇంటి కథతో చెప్తాను. మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు మోచేతి మడతలో, ఛాతీ మీద 11 వచ్చాయి. నేను చర్మం డాక్టర్ని, నా కూతురి ఒంటి మీద ఇవేమిటని నాకు అవమానం. ఒక సెలవు రోజున మత్తు క్రీము రాశాను. ఆగాల్సినంతసేపు ఆగలేదు. క్యూరెట్ అనే చిన్న గీకుడు పరికరంతో మూడు తీశాను. నాలుగో దానికి అది నా మణికట్టు కొరికింది. మిగతా ఎనిమిదీ వాటంతటవే పోయాయి, అందుకు మరో తొమ్మిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది చోట్లా ఏ గుర్తూ లేదు. నేను తీసిన మూడు చోట్లా చిన్న గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత చాన్నాళ్ళు నేను గోళ్ళు తియ్యడానికి దగ్గరికి వెళ్ళినా చేతులు వెనక్కి దాచుకునేది.

అలాగని వైద్యమే లేదనడం లేదు. సరిగ్గా మత్తు పట్టాక చేస్తే గీకడం పనిచేస్తుంది. లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచి కాల్చడం పనిచేస్తుంది గానీ మంట ఎక్కువ, చిన్నపిల్లలు రెండోసారి రానంటారు. క్యాంథరిడిన్ అని ఒక జాతి పురుగు నుంచి మొదట తీసిన మందు ఉంది. డాక్టరే బుడిపె మీద చుక్క పెడతారు, చెప్పిన గంటలకి కడిగేస్తే అక్కడ పొక్కు లేచి బుడిపె ఊడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దీన్ని రెండేళ్ళు దాటిన వాళ్ళకి అనుమతించింది. 2024 జనవరిలో ఇంట్లోనే రోజూ రాసుకునే బెర్డజైమర్ జెల్‌కీ అనుమతి ఇచ్చింది. ఇవి అన్ని దేశాల్లోనూ దొరకవు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కూడా కొందరు వాడతారు, చుట్టూ ఉన్న మంచి చర్మానికి తగలకుండా చూసుకోవాలి. ఒకప్పుడు బాగా రాసిన ఇమిక్విమాడ్ క్రీము పిల్లల్లో మందు లేని ఉత్తుత్తి క్రీము కంటే మెరుగ్గా ఏమీ చెయ్యదని తేలింది. ఆటలమ్మకి వాడే ఎసైక్లోవిర్ ఈ వైరస్ మీద పనిచెయ్యదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ట్యూబు, తామర ట్యూబు కూడా అంతే.

ఎప్పుడు వైద్యం చేయించాలంటే నా లెక్క ఇది: పిల్లాడికి ఇబ్బందిగా ఉంటే చేయించండి. దురదతో నిద్ర పోలేకపోతున్నా, నలుగురిలో చొక్కా విప్పడానికి ముడుచుకుపోతున్నా అది ఇబ్బందే. ఇబ్బంది మీకైతే మాత్రం ఇంకో రెండు నెలలు ఆగమంటాను. ముఖ్యంగా ఇప్పుడు, ఐదారు ఎర్రబడ్డ ఈ సమయంలో.

సూది మాత్రం మళ్ళీ పట్టొద్దు. ఆ తెల్లటి ముద్ద నిండా వైరసే ఉంటుంది. అది పక్కన అంటుకున్న చోట ఇంకోటి మొలవొచ్చు. ఛాతీ మీద దాని చుట్టూ కొత్తవి వచ్చాయేమో చూడండి. వచ్చినా తల కొట్టుకోవద్దు, నా కూతురి మూడు గుంటలు గుర్తుచేసుకోండి.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. బుడిపెల చుట్టూ చర్మం పొడిబారి, గరుకుగా, ఎర్రటి మచ్చల్లా ఉందా? చాలామంది పిల్లలకి అలా ఎగ్జిమా వస్తుంది. ఎర్రబడని బుడిపెకి మామూలుగా దురద పెద్దగా ఉండదు, ఎగ్జిమాకి ఉంటుంది. గోకుతాడు, గోళ్ళలో వైరస్ చేరుతుంది, గోకిన గీత పొడవునా కొత్తవి వరస కడతాయి. వీటిని ఆపేది మందుల కంటే మాయిశ్చరైజరే. స్నానమైన వెంటనే, ఒళ్ళింకా చెమ్మగా ఉండగా, ఒళ్ళంతా దట్టంగా పట్టించండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. ఎగ్జిమాకి స్టెరాయిడ్ క్రీము కావాలా, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

చెల్లెలి గురించి. నేను చెప్పిన ఆ అధ్యయనంలోనే వందలో 41 ఇళ్ళలో మరో పిల్లకో పిల్లాడికో కూడా అంటింది. కాబట్టి తనకి అస్సలు రాదని మాట ఇవ్వలేను. వేరే తువ్వాలు, ఒళ్ళు రుద్దే పీచు వేరు, స్నానాలు వేరు, పడుకునేటప్పుడు ఒంటి నిండా బట్టలు. ఇంతవరకు చాలు. బట్టలు మామూలుగా ఉతికితే సరిపోతుంది, మరగబెట్టక్కర్లేదు. ముద్దు ఆపాల్సిన పని అసలు లేదు, వాడి మొహం మీద ఒక్కటీ లేదు కదా! ఇవాళే పెట్టుకోనివ్వండి.

ఈత నేర్పేవాళ్ళకి చెప్పండి: బుడిపెలున్నంత కాలం అంటుతాయి, అది నిజం. కానీ దీని కోసం పిల్లల్ని బడి మాన్పించాల్సిన అవసరం లేదని, ఈతకొలనుకైతే వాటిని నీళ్ళు చొరని ప్లాస్టర్‌తోనో బట్టతోనో కప్పి పంపాలని, తువ్వాళ్ళు, పట్టుకుని ఈదే పలకలు ఒకరివి ఒకరు వాడకూడదని వైద్యుల సలహా. ఒళ్ళు కప్పే పొడుగు ఈత దుస్తులు వేస్తే మీవాడివి చాలావరకు అందులోనే దాగుతాయి. అయినా వద్దంటే కొన్నాళ్ళు ఈత ఆపండి, ఈతే కదా.

బంధువులతో వాదించడం అనవసరం. ‘ఇది పులిపిరికాయ లాంటిది, తనంతట తనే పోతుంది, డాక్టరు చూశారు’ అని ఒక్క మాట వాడి ముందే, మామూలు గొంతుతో అనండి. ఆ మాట వాళ్ళకంటే వాడికి ఎక్కువ కావాలి. ఆరేళ్ళ పిల్లలు తమని పక్కకి నెట్టింది బుడిపెల వల్లని అనుకోరు, తనేదో తప్పు చేశాననుకుంటారు. మా అమ్మాయి ఒకసారి ‘నేను మురికిగా ఉంటానా?’ అని అడిగింది. స్నానం సరిగ్గా చెయ్యనందుకు వచ్చింది కాదని మీరే ముందుగా చెప్పండి, వాడు అడిగేదాకా చూడొద్దు.

కనురెప్పల మీద, కంటి అంచున వస్తే ఆలస్యం చెయ్యకండి, కన్ను ఎర్రబడుతుంది. మర్మాంగాల దగ్గర వచ్చినా చూపించండి. పిల్లల్లో అక్కడ ఎక్కువగా గోకుడు వల్లే వస్తాయి, వెంటనే చెడ్డ అనుమానాలకి పోవద్దు గానీ, డాక్టరు ఒకసారి చూడటం మంచిది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న పిల్లలకి గానీ, అలాంటి జబ్బులున్న పిల్లలకి గానీ ఇవి పెద్దవిగా, లెక్కలేనన్ని వస్తే నేను పైన చెప్పిన ‘ఆగండి’ అన్న మాట వర్తించదు.

ఒకసారి పూర్తిగా పోయాక ఈ వైరస్ ఆటలమ్మ వైరస్‌లా ఒంట్లో దాక్కుని ఉండదు. మళ్ళీ ఎవరి దగ్గరైనా తగిలితే మళ్ళీ రావచ్చు, అది వేరే సంగతి.

ఆ పక్కటెముకల మీది ఐదారూ ఏమయ్యాయో నెల తర్వాత ఒక ముక్క రాయండి. అంకె వెయ్యక్కర్లేదు.