ఆమ్ల వర్షం ఎందుకు కురుస్తుంది? దాన్ని ఆపవచ్చా?

మామూలు వాననీరు కూడా కొంత ఆమ్లమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల దాని పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) సుమారు 5.6 ఉంటుంది. అంతకంటే బాగా తగ్గితే ఆమ్ల వర్షం అంటారు. 5.6కు, 4.6కు తేడా చిన్నదనుకోకండి, పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు.

అగ్నిపర్వతాలూ గంధకాన్ని వదులుతాయి గానీ, అసలు కారణం మనం కాల్చే ఇంధనమే. బొగ్గులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా, ఇంజన్ల వేడికి గాలిలోని నత్రజని నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారతాయి. ఇవి గాలిలో, మేఘాల్లో సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలవుతాయి.

నన్ను ఎక్కువగా బాధించే విషయం ఒకటుంది: పొగ వదిలేది ఒకరు, నష్టపోయేది మరొకరు. బ్రిటన్, మధ్య ఐరోపాల పొగ గాలివాటున వెళ్లి స్వీడన్, నార్వే సరస్సుల్లో చేపలు లేకుండా చేసింది. ఆ చేపలను చంపింది ఆమ్లం ఒక్కటే కాదు. అది నేలలోంచి కరిగించి తెచ్చిన అల్యూమినియం వాటి మొప్పలను పాడుచేసింది. చెట్లకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా అలాగే కొట్టుకుపోతాయి. పాలరాతి కట్టడాల పైపొర జిప్సంగా మారి రాలిపోతుంది.

ఆపవచ్చు, ఆపి చూపించారు కూడా. విద్యుత్ కేంద్రాల పొగపై సున్నపురాయి పొడి కలిపిన నీటిని చిమ్మితే సల్ఫర్ డయాక్సైడ్‌లో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పరికరం నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. 1990లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించి విద్యుత్ కేంద్రాలకు పరిమితి విధించాక అక్కడ గంధక కాలుష్యం బాగా పడిపోయింది. సరస్సుల్లో సున్నం చల్లడం మాత్రం తాత్కాలిక ఉపశమనమే. పొగ తగ్గాక వాన త్వరగానే బాగుపడుతుంది, నేల కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.