బుజ్జీ, ఆ టేపుల జోలికి వెళ్లేముందు

బుజ్జీ,

నిన్న ఫోన్లో మీ అమ్మకి ఏడుపు ఒక్కటే తక్కువ. "ఎం.ఎస్. చదవమని పంపితే ఎండాకాలం సెలవుల్లో మైఖేల్ జాక్సన్ విడుదల కాని పాటలు వెతుకుతుందట అక్కా, నువ్వైనా చెప్పు" అంది. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వాగలేదు నాకు. ఇన్నాళ్లకి మనింట్లో ఒక్కరైనా నా దారి పట్టారు, అదీ వాషింగ్టన్‌లో అమెరికావాళ్ల జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాకా! తీరా పడుకున్నాక నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పడేసి ఊరుకుంటావు కాబట్టి మెయిల్ రాస్తున్నా. మొత్తం చదువు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రీడర్ కార్డు ఉచితమే, పాస్‌పోర్ట్ తీసుకెళ్లు. నువ్వు వెళ్లాల్సింది మ్యాడిసన్ బిల్డింగ్‌కి, టూరిస్టులు ఫొటోలు దిగే ఆ గోపురం బిల్డింగ్‌కి కాదు. వెళ్లేముందు వాళ్లకి రాయి. లైబ్రరీ వాళ్ల రికార్డింగులు చాలావరకు ఆ బిల్డింగ్‌లో ఉండవు; వర్జీనియాలో కల్పెపర్ అనే ఊరి దగ్గర, అణుయుద్ధం వస్తే పనికొస్తాయని ఒకప్పుడు వాళ్ల కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ నోట్ల కట్టలు దాచిన బంకర్‌లో ఉంటాయి. వాళ్లు అక్కడి నుంచి తెప్పించి వినిపించేదాకా ఓపిక పట్టాలి. (పాత టేపులు భద్రపరిచే ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టేపుల గదిలో ఏసీ పాడైతే మెకానిక్ కోసం నేను ఎన్ని కాగితాలు పెట్టానో తలుచుకుంటే ఆ బంకర్ మీద అసూయ పుడుతుంది. పోనీలే.)

కానీ నువ్వడిగేవి ఆ లెక్కలోవి కూడా కావు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ కోసం పాటతోపాటు ఇచ్చిన క్యాసెట్లు ఆ లైబ్రరీలోనే భాగమైన కాపీరైట్ ఆఫీసు చేతిలో ఉంటాయి. దానికి వేరే అర్జీ, వేరే ఫీజు. విడుదల కానివాటిని కాపీరైట్ గడువు తీరేదాకా పారేయకూడదని అక్కడి చట్టమే చెబుతుంది కాబట్టి పోయాయేమోనన్న బెంగ అక్కర్లేదు.

1978 నుంచి రిజిస్ట్రేషన్లన్నీ ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. నంబరు ముందు పి.ఎ.యు. అని ఉంటే విడుదల కాని పాట, ఎస్.ఆర్.యు. అయితే విడుదల కాని రికార్డింగ్. అది రిజిస్టర్ చేసిన రోజు మాట. మర్నాడే విడుదలైనా ఆ అక్షరాలు మారవు, అది చూసి గంతులేయకు. 1978కి ముందువాటిలో ఆయన గొంతు కోసం వెతకడం దండగ. పాట రిజిస్టర్ చేయాలంటే అప్పట్లో టేపు పనికొచ్చేది కాదు, స్వరాలు రాసిన కాగితం ఇవ్వాల్సిందే. అంటే అన్నదమ్ములతో కలిసి మోటౌన్ రికార్డు కంపెనీలో పాడిన చిన్నపిల్లాడి కాలంలో నీకు దొరికితే కాగితమే దొరుకుతుంది. ఆ తర్వాత క్యాసెట్ చాలన్నారు, స్వరాలు రాయడం రాని మైఖేల్‌కి అది కలిసొచ్చింది. వాద్యాల వరసలన్నీ నోటితోనే టేపులోకి పాడేవాడు కదా.

పేరు దగ్గర జాగ్రత్త. అమెరికాలో మైఖేల్ జాక్సన్‌లు మన దగ్గర శ్రీనివాస్‌లంత మంది. పుట్టిన సంవత్సరం 1958 అని ఉందా, హక్కుదారుగా ఆయన సొంత కంపెనీ మైజాక్ మ్యూజిక్ పేరుందా చూడు. ఇంకోటి, ఒకే క్యాసెట్‌లో నాలుగైదు పాటలు పెట్టి ఒక్క పేరుతో రిజిస్టర్ చేసే పద్ధతి ఉండేది. లోపలి పాటల పేర్లు కేటలాగ్‌లో కనిపించకపోవచ్చు. హార్లిక్స్ సీసాలో కారప్పొడి ఉన్నట్టు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి.

తొంభైల చివర్లో మన ఊళ్లో పాత పాటల సేకరణ అంటే అందరూ ఒకాయన్నే తలుచుకునేవారు. పేరు చెప్పను, వాళ్ల పిల్లలు ఇక్కడే ఉన్నారు. మూతపడుతున్న ఒక స్టూడియో గోడౌన్‌లో ఆయనకో టేపు స్పూలు దొరికింది. అట్ట మీద ఆగిపోయిన సినిమా పేరు, పెద్ద గాయని పేరు, పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఇంగ్లీషులో టి.ఆర్. అని, దాని పక్కన 2 అంకె. రెండో ట్రాక్ కాబోలు అనుకున్నాడాయన. ఇంట్లో వినడానికి అడ్డమని టేపు మొదట్లో ముక్క కత్తిరించి పారేశాడు. రికార్డిస్టు ఇది ఏమిటో, ఎన్నో టేకో చెప్పేది అక్కడే కదా! మా దగ్గరికి కాపీకి తెచ్చేసరికి పల్లవి నుంచే మొదలవుతోంది. ముక్క ఏదండీ అంటే, "అందులో ఏముందమ్మా, ఎవడో మగాడి గొంతు" అన్నాడు. అప్పటికే పేపర్లో వచ్చేసింది, ఫొటోతో సహా, ఎవరూ వినని పాట దొరికిందని.

నెల తిరక్కుండా ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. నేత చీర, చేతిలో ఆ పేపరు కటింగ్. "ఆ పాట నాదేమోనమ్మా, ఒకసారి వింటాను" అంది. ఆయన్ని ఒప్పించి వినిపించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వింటూ, రెండో చరణం ముందు వయొలిన్లు వస్తుండగా వేలు పైకెత్తి "ఇక్కడ దగ్గాను, వినండి" అంది. వెనక్కి తిప్పి సౌండ్ పెంచితే ఉంది, చిన్న దగ్గు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. అన్నిసార్లు విన్న నాకు వినిపించలేదు. ఆవిడ ట్రాక్ సింగర్. ఆ పెద్ద గాయని డేట్లు దొరక్క షూటింగ్ కోసం ఈవిడతో పాడించారు, తర్వాత అసలు గొంతు ఎక్కిద్దామనుకున్నారు, ఈలోగా సినిమా ఆగిపోయింది. టి.ఆర్. అంటే ట్రాక్ సింగర్ అని, అదీ సంగతి.

ఆయన ఒప్పుకోలేదు. దగ్గు ఎవరికైనా వస్తుందన్నాడు. పేపరువాళ్లు సవరణ వేయలేదు. ఆయన చచ్చేదాకా అది ఆ గాయని పాటేనని వాదించాడు. అసలు బాధ ఏంటంటే, తర్వాత నిజంగా మంచివి, ఎక్కడా లేనివి రెండు మూడు పట్టుకొచ్చినా జనం నవ్వేవారు. ఆ పెద్దావిడ మాత్రం ఎవరి మీదా కోపం చూపించలేదు, ఒక క్యాసెట్‌లో ఎక్కించి ఇస్తారా అని మాత్రం అడిగింది. నేను ఇవ్వలేదు. స్పూలు ఆయనది, హక్కు నిర్మాతది. రూలు ప్రకారం అది సరైన పనే. అయినా వాళ్లబ్బాయి మెట్ల మీద చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి దింపుతుంటే నేను ఫైలులో తలదూర్చి కూర్చున్నాను.

ఇదంతా పాత సోది అనుకోకు. మైఖేల్ పోయాక 2010లో వచ్చిన ఆల్బమ్‌లో మూడు పాటల్లో గొంతు ఆయనది కాదని అభిమానులే కాదు, కుటుంబంలో కొందరూ అన్నారు. ఒక అభిమాని కోర్టుకెక్కింది. 2022లో ఆ మూడూ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు, గొంతు గొడవకీ దీనికీ సంబంధం లేదని కంపెనీ వాళ్లన్నారు. అంత పెద్ద కంపెనీ ముద్ర ఉన్నదాని మీదే ఇంత రచ్చయితే, రిజిస్ట్రేషన్ ఫారంలో ఎవరో నింపిన పేరెంత! ఆ ఫారం ఎవరు ఏ రోజున ఏమి క్లెయిమ్ చేశారో చెబుతుంది, అంతే. కాబట్టి నోట్‌బుక్‌లో రెండు వరసలు పెట్టుకో, కాగితం మీద చదివింది ఒకవైపు, చెవితో విన్నది ఒకవైపు. వినేటప్పుడు పాటకి ముందూ వెనకా ఏముందో పూర్తిగా విను. కుర్చీ కిర్రుమన్నా రాసుకో.

ఆన్‌లైన్‌లో 'దొరికింది' అని పోస్టు పెట్టావంటే మాత్రం నేను నీతో మాట్లాడను. కనీసం ఇంకొకరు, నీ పొరపాటు పడితే సంతోషించేవాళ్లు, చూసేదాకా ఆగు.

ఇప్పుడు అసలు భయం. ఫోన్. వినే గదిలో నీ ఫోన్ జేబులో కూడా ఉండొద్దు. కాపీ కావాలంటే హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా కోర్టు కేసు ఉండాలి. ఒక్క నిమిషమే కదా అని రికార్డ్ చేసి, అది ఎక్కడో బయటపడి, లాయర్ నోటీసు వచ్చి, నువ్వేమో స్టూడెంట్ వీసా మీద ఉన్నదానివి... రాత్రి రెండింటికి నాకు ఇవే ఆలోచనలు. నవ్వుకో, కానీ విను. పాటల హక్కుల దగ్గర అక్కడి జనం ఎవరినీ ఊరికే వదలరు. 1994లో డెన్వర్ కోర్టులో, 'డేంజరస్' పాట నాదే అని ఒకావిడ కేసు వేస్తే మైఖేల్ అంతటివాడే బోనెక్కి, ఎలా కట్టాడో పాడి చూపించుకోవాల్సి వచ్చింది. గెలిచాడనుకో.

మీ అమ్మ మాటలకి మనసు కష్టపెట్టుకోకు. కాలేజీ రోజుల్లో కోఠీలో పాటల లిస్టు ఇచ్చి మెల్‌ట్రాక్ క్యాసెట్ నింపించుకొచ్చింది ఎవరనుకుంటున్నావ్? నల్లకుంట ఇంట్లో ఎర్రగచ్చు మీద కొబ్బరినూనె ఒంపి మూన్‌వాక్ చేయబోయి చెయ్యి బెణికించుకుంది కూడా తనే. 1996 నవంబరులో బొంబాయి కచేరీకి పంపలేదని అన్నం మానేసింది, మీ తాతయ్య చూడకుండా నేనే ఇడ్లీలు తెచ్చి పెట్టాను. ఇవన్నీ నేను చెప్పానని చెప్పకు.

ఆ ఫీజు ఎంతవుతుందో ముందే అడిగి కనుక్కో, మీ నాన్నని అడగొద్దు, నాకు రాయి, నా పెన్షన్‌లోంచి పంపుతాను. అర్జీ పెట్టేముందు రిజిస్ట్రేషన్ నంబర్ల లిస్టు నాకు మెయిల్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. తిరిగిన రోజు మధ్యాహ్నం అన్నం తిను, కాఫీతో సరిపెట్టకు.

పెద్దమ్మ