అడుగు తీసి అడుగు వేసే సినిమా

ప్రశ్న: తైవాన్ దర్శకుడు సాయ్ మింగ్-లియాంగ్ తీసిన ‘జర్నీ టు ది వెస్ట్’ (2014) ఫోన్లో పెట్టాను. ఎర్ర వస్త్రం కట్టిన సన్యాసి ఒక్కడే నత్తనడక నడుస్తుంటాడు, మాటల్లేవు. పది నిమిషాలకే నిద్ర ముంచుకొచ్చింది. స్పీడు పెంచి చూడొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్పీడు మాత్రం పెంచకండి. అది కెమెరాతో చేసిన స్లో మోషన్ కాదు. నటుడు లీ కాంగ్-షెంగ్ నిజంగానే అంత నెమ్మదిగా, వట్టి కాళ్లతో నడుస్తాడు. చుట్టూ ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నగర జనం మామూలుగా వచ్చిపోతుంటారు. సినిమా ప్రాణం ఆ తేడాలోనే ఉంది. స్పీడు పెంచితే జనం నడక పరుగైపోతుంది, ఆయన ఓపికకు విలువ పోతుంది.

ఫోన్ వద్దు. కొన్ని షాట్లలో ఆయన చిన్న ఎర్రచుక్క, చిన్న తెర మీద దొరకడు. టీవీలో ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయండి (కంపెనీని బట్టి పేరు మారుతుంది). అది ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేసేస్తుంది. పిక్చర్ మోడ్ ‘సినిమా’లో పెట్టండి. గదిలో లైట్లు తీసేయండి. మెట్రో మెట్లు దిగే పొడవాటి షాట్‌లో వెలుగు ఆయన వెనక నుంచి వస్తుంది. ట్యూబ్‌లైటు వెలుగుతుంటే నీడలోని ముఖాలు కనపడవు. సౌండు కూడా తగ్గించకండి, వీధి చప్పుళ్లే ఇక్కడ మాటలు.

ఇక నిద్ర సంగతి. భోంచేసిన వెంటనే కూర్చోవద్దు. నిడివి 56 నిమిషాలే, ఒక్క ఊపులో చూసేయొచ్చు. ముందు పాదాన్నే చూడండి: మడమ లేవడం, కాలు గాల్లో నిలవడం, మళ్లీ నేలకు ఆనడం. ఆ ఒక్క అడుగు పూర్తయ్యేలోగా పక్క నుంచి ఎంతమంది దాటారో లెక్కపెట్టండి. తర్వాత ఎవరు ఆగి చూశారో, ఎవరు పట్టించుకోలేదో గమనించండి. మొదట్లో దగ్గరగా కనిపించే ముఖం నటుడు డెనీ లవాన్‌ది. తర్వాత ఆయనే సన్యాసి వెనక అదే నడక నడుస్తాడు. అది చూశాక మీ ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

అయినా కష్టమనిపిస్తే, ఇదే వరుసలోని ‘వాకర్’ (2012) ముందు చూడండి. అరగంట లోపే. హాంకాంగ్ వీధుల్లో ఒక చేత బన్ను, ఒక చేత ప్లాస్టిక్ సంచి.

ప్రశ్న: ఇంతకీ ఆ సన్యాసి ఎవరు?

జవాబు: ఈ నడకకు స్ఫూర్తి హుయాన్‌త్సాంగ్. బౌద్ధ గ్రంథాల కోసం చైనా నుంచి భారతదేశం వచ్చి, క్రీ.శ. 645లో తిరిగి చేరాడు. మీకు దగ్గర్లోని ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతానికీ వచ్చాడు. సినిమాలో ఆ కథ వెతక్కండి, నడకే ఉంది. చివరి షాట్ తలకిందులుగా ఉంటుంది: పాత రేవులో అద్దంలా మెరిసే పైకప్పు మీద జనం ప్రతిబింబం. తొందరపడి కట్టేయకుండా అందులో ఎర్రరంగు కోసం వెతకండి.