ఫార్మాట్ జోలికి ఇప్పుడే వెళ్లకు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త ఇంట్లో వైఫై నీ ల్యాప్‌టాప్‌కి రావడం లేదట, ఎవరినీ పిలవకుండా ఆదివారం నువ్వే కూర్చుని సంగతి తేల్చేస్తానన్నావట. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో ఉండగానే ఇంకో మాట చెప్పింది: "ఏదీ కాకపోతే మొత్తం ఫార్మాట్ కొట్టేస్తుందట అక్కా." అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆదివారంలోపు దీన్ని చివరిదాకా చదువు తల్లీ.

ముందు చిన్న చిన్నవి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో, కీబోర్డు పై వరుసలో వైఫై బటన్ చెయ్యి తగిలి ఆగిపోయిందేమో చూడు. రూటర్‌ని ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వెయ్యి. ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చెయ్యి. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూసుకుని, ఆ నెట్‌వర్క్‌ని 'ఫర్గెట్' కొట్టి మళ్లీ మొదటి నుంచి కలుపు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తర్వాత నీ ఫోన్‌ని అదే వైఫైకి కలుపు. మొబైల్ డేటా మాత్రం ఆపెయ్యి, లేకపోతే ఆ నెట్‌ని చూసి మోసపోతావు. ఫోన్‌కీ నెట్ రాకపోతే తప్పు నీ ల్యాప్‌టాప్‌ది కాదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చెయ్యి. ఫోన్‌కి వస్తే, ఈసారి ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడు. దానికి కలిసి నెట్ వచ్చిందంటే వైఫై కార్డు బాగానే ఉన్నట్టు, గొడవంతా ఆ రూటర్‌కీ దీనికీ మధ్యనే. ఈ పది నిమిషాల పని చెయ్యకుండా ఇంకే సెట్టింగూ మార్చకు.

అసలు ఏం జరుగుతోందో మీ అమ్మ సరిగ్గా చెప్పలేదు. "రావట్లేదట" అంది, అంతే. వైఫై పేరే కనబడటం లేదా, కనబడినా కలవడం లేదా, కలిసినా పేజీలు తెరుచుకోవడం లేదా? ఒక్కోదానికి ఒక్కో కారణం.

పేరే కనబడకపోతే అది 5 గిగాహెర్ట్జ్ వైఫై అయి ఉండొచ్చు. మీ అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ కదా నీది, పాత వాటిలో కొన్నింటికి 2.4 మాత్రమే తెలుసు. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4 కూడా ఆన్ చెయ్యి. దాని వేగం తక్కువే అయినా గోడలు దాటి ఎక్కువ దూరం వస్తుంది. అది ఆన్‌లోనే ఉంటే ఛానెల్ 12, 13లో లేకుండా చూడు, కొన్ని ల్యాప్‌టాప్‌లు వాటిని పట్టుకోలేవు.

పేరు కనబడి, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా కలవకపోతే సెక్యూరిటీ చూడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రత పాత కార్డుల్లో చాలావాటికి అర్థం కాదు. రూటర్‌లో డబ్ల్యూపీఏ2, 3 రెండూ కలిసిన మోడ్ ఉంటే అది పెట్టు. రూటర్ సెట్టింగ్స్ ఉండే పేజీ అడ్రస్ సాధారణంగా దాని కిందే స్టిక్కర్ మీద ఉంటుంది, 192.168.1.1 లాంటిది. వైఫై డ్రైవర్, అంటే ఆ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, కొత్తది కావాలంటే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే దింపుకో. రూటర్ వెనక సన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ని మాత్రం పిన్నుతో నొక్కకు. కనెక్షన్ వాళ్లు లోపల పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతే ఫోన్‌కి వచ్చే నెట్ కూడా పోతుంది.

ఇక మూడోది. కలిసింది అని చూపిస్తుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. నాకు జరిగింది ఇదే.

నువ్వు ఇంకా పుట్టలేదు. మేం అప్పుడే ఇల్లు మారాం. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి పంపాల్సిన పని ఉంది. శనివారం రాత్రి పదకొండింటి దాకా డ్రైవర్లు తీశాను, వేశాను, రూటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేశానో లెక్కలేదు. చివరికి ఓపిక నశించి విండోస్ సీడీ పెట్టేశాను. అంతకుముందు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాను, ఇక కావలసినవన్నీ భద్రం అనుకున్నాను. ఇన్‌స్టాల్ మధ్యలో డ్రైవులన్నీ వరసగా చూపిస్తే, శుభ్రంగా మొదలుపెడదామని సీ, డీ రెండూ డిలీట్ చేశాను. తెల్లవారుజామున నెట్ వచ్చింది. గెలిచానని హాయిగా పడుకున్నాను.

సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, నాన్న రికార్డింగులు నాకూ ఒక కాపీ ఇవ్వవా" అంది. అవి డీ డ్రైవ్‌లో ఉండేవి.

మీ తాతయ్య పోవడానికి ముందు సంవత్సరం, నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పించుకున్నాను. మధ్యమధ్యలో ఆగి, "ఎక్కుతోందా అమ్మా?" అని అడిగేవారు. దగ్గు వస్తే పక్కకి తిరిగి, మైకుకి చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆయన గొంతు ఉన్నది ఆ నాలుగింటిలోనే. పోయిన ఫైళ్లు తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే, వాటి మీదే కొత్త విండోస్ ఎక్కిందని చెప్పారు. ఏవో ముక్కలు దొరికాయి కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. మీ అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్వు మీ తాతయ్య గొంతు వినలేదంటే దానికి కారణం నేనే చిన్నీ.

రెండు నెలలకి ఒక పాత డైరీ తిరగేస్తుంటే అసలు సంగతి బయటపడింది. పాత ఇంట్లో కనెక్షన్ పెట్టినతను నా ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, చేత్తో టైప్ చేశాడు, నేనే రాసిపెట్టుకున్నాను: 192.168.0.25, గేట్‌వే, అంటే నెట్‌లోకి దారి చూపే రూటర్ నంబరు, 192.168.0.1. కొత్త ఇంటి రూటర్ 192.168.1.1. మేం ఇల్లు మారినా ల్యాప్‌టాప్ పాత ఇంటి గేటు కోసమే వెతుకుతోంది, నెట్ ఎక్కడి నుంచి వస్తుంది? 'ఆటోమేటిక్' అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోయేది. అర నిమిషం పని.

అందుకే ముందు అది చూడు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ.సీపీఎల్ అని కొట్టు. వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4. ఐపీ, డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి అడ్రస్ వెతికిపెట్టేది) రెండూ ఆటోమేటిక్‌లో ఉండాలి. హాస్టల్లో ఉన్నప్పుడు అక్కడివాళ్లు ఏదో ప్రాక్సీ (నెట్‌కీ నీకూ మధ్య ఉండే సర్వర్) పెట్టారని చెప్పావు, గుర్తుందా? అది ఇంకా అలాగే ఉందేమో సెట్టింగ్స్‌లో వెతికి తీసెయ్యి. నాకైతే దాని మీదే అనుమానం. వీపీఎన్ ఉంటే ఆపు. తేదీ, టైమ్ తప్పుంటే సరిచెయ్యి, అవి తప్పైనా సైట్లు తెరుచుకోవు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే అడ్రస్ 169.254తో మొదలైందనుకో, రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదన్నమాట. ఏదీ పని చెయ్యకపోతే విండోస్‌లోనే 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి కానీ నీ ఫైళ్ల జోలికి రాదు. అక్కడితో ఆగిపో. ఆ తర్వాత ఏం చెయ్యాలన్నా నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

ఇంకొకటి. అమ్మమ్మని కూర్చోబెట్టి నువ్వు తీసిన వీడియోలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లుగా దానికి నెట్ లేదు కాబట్టి అవి ఇంకెక్కడికీ ఎక్కి ఉండవు. ఆదివారం దాకా ఆగకు, ఈ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. కాపీ అయిందని చూపించినా నమ్మకు, దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి ఒక్కొక్కటీ తెరిచి, అమ్మమ్మ మాట వినబడుతోందో లేదో చూడు. రూటర్ సంగతి ఆ తర్వాత.

ప్రేమతో,
పెద్దమ్మ